విత్తు ఒకటే, కొండకో రుచి

చిక్‌మగళూరులో పుట్టిన ఎస్.795 కాఫీ మొక్క అరకుకూ, ఇండోనేసియాకూ వలస వెళ్లింది. వెళ్లిన చోటల్లా రుచి మార్చుకుంది. ఆ తేడాయే రైతుకు పెట్టుబడి.

విత్తు ఒకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు. కాఫీ విషయంలో మాత్రం విత్తు ఒకటే అయినా కప్పులోకి వచ్చే రుచి వేరు కావచ్చు. ఎస్.795 అందుకు సాక్ష్యం. కర్ణాటకలోని చిక్‌మగళూరు జిల్లా బాలెహొన్నూరు పరిశోధన కేంద్రం 1940లలో అందించిన అరబికా వంగడమిది. తుప్పు తెగులును తట్టుకునే ఎస్.288నూ, రుచికి పేరుపడ్డ కెంట్‌నూ కలిపి దీన్ని సృష్టించారు. నేడది అరకులో ఇతర వంగడాలతో పాటు పెరుగుతోంది. జెంబర్ అనే పేరుతో ఇండోనేసియాలోని సులవేసి, బాలి దీవుల్లోనూ కాస్తోంది.

తేడా ఎత్తుతో మొదలవుతుంది. ప్రతి 1,000 మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. చల్లదనంలో పండు నిదానంగా పండుతుంది. గింజ గట్టిపడి, చక్కెరలను, ఆమ్లాలను కూడబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. మంచి అరబికాలో నాలుకను సుతారంగా తాకే పులుపు అలా వచ్చిందే. బాబాబుడన్‌గిరి కొండల కాఫీలో చాక్లెట్ ఛాయ, నిండుదనం కనిపించడానికి ఈ నిదానమే ప్రధాన కారణం. 900-1,100 మీటర్ల ఎత్తులోని అరకులో తోటలకు చెట్ల నీడ కూడా తోడవుతుంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగల కింద గిరిజన రైతులు కాఫీ పండిస్తారు. పండ్లను తలపించే తియ్యదనం అరకు ప్రత్యేకత అంటారు రుచి తెలిసినవారు.

అయితే నేల, ఎత్తు మాత్రమే రుచిని తేల్చేయవు. దక్షిణాదిలో మేలురకం అరబికా పండ్ల తోలు ఒలిచి, పులియబెట్టి, కడిగి, పైపొట్టుతోనే ఎండబెడతారు. పులుపు తేటగా నిలుస్తుంది. సులవేసిలో వానలు అంత తీరిక ఇవ్వవు. అందుకే అక్కడ గింజ పచ్చిగా ఉండగానే పొట్టు తీసి, ఆ తర్వాత ఆరబెట్టడం ఆనవాయితీ. దాంతో పులుపు తగ్గి, చిక్కదనం, మట్టివాసన పెరుగుతాయి. వాతావరణం పద్ధతిని నిర్ణయిస్తే, పద్ధతి రుచిని నిర్ణయిస్తోందన్న మాట.

ఈ తేడాకు మార్కెట్లో విలువ ఉంది. కూర్గ్, చిక్‌మగళూరు, బాబాబుడన్‌గిరి, అరకు అరబికాలకూ, వయనాడ్ రొబస్టాకూ 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, అరకు పేరుతో ప్యారిస్‌లో దుకాణం తెరుచుకుంది. కానీ మన వంటింట్లో పరిస్థితి వేరు. కాఫీ, చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం వరకూ ఉండొచ్చని నిబంధనలే అనుమతిస్తున్నాయి. మిగిలిన సగం ఏ కొండ నుంచి వచ్చిందో పాలు, చక్కెర కలిపాక నాలుక పోల్చుకోలేదు. సొంత పేరుతో అమ్ముడైన గింజకు రైతు మంచి ధర అడగగలడు. ఊరూపేరూ లేని మిశ్రమంలో కలిసిపోయిన గింజకు ఆ అవకాశం లేదు.

అంతకంటే పెద్ద ముప్పు వాతావరణానిదే. అరబికాకు అనువైన ఉష్ణోగ్రత 15-25 డిగ్రీలు. ఎండలు ముదిరితే పండు తొందరగా పండుతుంది, రుచి పలచబడుతుంది. నీడ చెట్లు తగ్గితే కాండం తొలిచే తెల్ల పురుగు విజృంభిస్తుంది. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కూడా బయటపడింది. కాయ కోశాక తోటలో ఒక్క పండూ మిగలకుండా ఏరేయడమే దాన్ని అదుపు చేసే తొలి మార్గం. కొద్దిపాటి పొలమున్న రైతుకు అదంతా అదనపు కూలీ ఖర్చు. ఆ ఖర్చు గిట్టుబాటు కావాలంటే కొండ పేరు మీద వచ్చే అదనపు ధర అతని దాకా చేరాలి.

భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు, చల్లదనాన్ని కాదు. నీడ చెట్లు నిలిచి, వాటిని కాపాడే రైతుకు గిట్టుబాటయినంత కాలమే ఆ పేరుకు రుచి.