వైద్యశాల బల్లపై కెమెరా

బస్తర్‌లోని జగదల్‌పూర్‌ మహారాణి ఆసుపత్రి వసారాలో చీటీ చేతబట్టి కూర్చున్నవారికి కాలం ఒకపట్టాన కదలదు. కెమెరా ఉన్నవానికి మాత్రం కాలక్షేపమే: తల్లి ఒడిలో సోలిన బిడ్డ, గోడకు చేరగిలబడిన వృద్ధుడు. ఎవరూ పోజు పెట్టరు. నిజమే, వద్దని చెప్పే ఓపికా వారికుండదు!

1948లో 'లైఫ్' పత్రికకై కొలరాడో పల్లె వైద్యుడు ఎర్నెస్ట్ సెరియానీని చిత్రించిన యూజీన్ స్మిత్, 23 రోజులు ఆయన వెంటే ఉన్నాడు. తన ఉనికి అలవాటయ్యేదాకా మొదట ఫిల్ము లేని కెమెరాతోనే తిరిగాడట.

బస్తర్‌ ముఖాలు పుస్తకాలకూ క్యాలెండర్లకూ ఎక్కాయి, తరచు పేర్లు లేకుండానే. ఆ బిడ్డ పేరేమిటో, బొమ్మ తీయవచ్చునో లేదో, హల్బీ తెలిసినవారిచేత తల్లిని అడిగించవచ్చు. వ్యవధికి కొదవలేదు, ఆమె చీటీకి పిలుపు ఇంకా రాలేదు.