కొలిమి తప్పించుకున్న వెండి

మన దేశంలో ఫ్రెంచివాళ్ల మొదటి వర్తక కోఠీ వెలిసింది సూరత్‌లో, 1668లో. మరుసటి ఏడే గోల్కొండ సుల్తాను ఫర్మానాతో మచిలీపట్నం చేరారు. మన బట్టలు కొనడానికి వాళ్ల ఓడలు మోసుకొచ్చినది ముఖ్యంగా వెండి.

యానాంలో వాళ్లు కుదురుకున్న 1730లలోనే పారిస్‌లో రొకోకో శైలి విరబూసింది. ఆ శైలి వెండి కొవ్వొత్తి సెమ్మెలో తిన్నని గీత కనపడదు. కాండం సుడి తిరుగుతుంది, కొమ్మలు తలో వైపు మెలికపడతాయి, పాదం దగ్గర గవ్వలు, అలలు, ఆకులు. కుడి సగానికీ ఎడమ సగానికీ పోలికే ఉండదు. ఈ పోకడకు ఆద్యుల్లో ఒకడైన మెస్సోనియే 1728లో ఒకే సెమ్మెను మూడు పక్కల నుంచి మూడు బొమ్మలుగా అచ్చువేయించాడు. ఒక్క బొమ్మకు దాని రూపం అందదు మరి! ఆయన గీసిన నమూనాతో కంసాలి క్లాడ్ దువివియే 1734-35లో చేసిన కొమ్మల సెమ్మె ఇప్పటికీ పారిస్ అలంకార కళల మ్యూజియంలో ఉంది.

చాలా సెమ్మెల్లో కొమ్మల భాగం ఊడి వస్తుంది. తీసేస్తే ఒంటి కొవ్వొత్తి సెమ్మె మిగులుతుంది.

అలాంటి వెండి సెమ్మెలు ఇప్పుడు ఇంత అరుదెందుకు? 1689లో యుద్ధ ఖర్చుల కోసం 14వ లూయీ వెర్సాయ్‌లోని వెండి సామాను సుమారు 20 టన్నులు కరిగించాడు. 15వ లూయీ కాలంలోనూ అదే కథ. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీ ఆయన కాలపు ఫ్రెంచి సేనానే. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల పరమైంది. ఇంగ్లీషువాళ్లతో ఆ యుద్ధం ఖజానాను ఖాళీ చేస్తే, అదే ఏడు రాజు తన వెండిని టంకశాలకు పంపాడు, దొరలనూ పంపమన్నాడు. మచిలీపట్నాన్ని పోగొట్టిన యుద్ధమే పారిస్ కంసాలుల పనితనాన్నీ మింగింది. అందుకే వాళ్లలో ఒకడైన ఫ్రాంసువా తొమా జెర్మేన్ చేసిన గొప్ప వెండి చూడాలంటే లిస్బన్ వెళ్లాలి. 1755 భూకంపంలో సామానంతా పోగొట్టుకున్న పోర్చుగల్ రాజు ఆయనతోనే కొత్తది చేయించుకున్నాడు.

కొనేవాళ్లకు ఒక మాట: 19వ శతాబ్దంలో రొకోకో శైలి మళ్లీ మోజైంది. మినర్వా దేవత తల ముద్ర ఉంటే ఆ వస్తువు 1838కి ముందుది కాదు.

ఫ్రెంచివాళ్లు మొదట కోఠీ పెట్టిన సూరత్‌లో తయారయ్యే అసలు జరీ కూడా వెండే. తీగ సాగదీసి, రేకులా నలగ్గొట్టి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత పూస్తారు. మరమగ్గాలను నమ్ముకుని నవాగామ్, లింబాయత్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది తెలిసిన సంగతే. ఇలాంటి జరీ అంచుల పట్టుచీరలను వెండి కోసం కాల్చేయడం మన ఇళ్లలోనూ జరిగింది. పెట్టెలో అమ్మమ్మ చీర మిగిలి ఉంటే, జరీ కొనేవాడికి ఇచ్చే ముందు ఆ నేత ఏ ఊరిదో పెద్దవాళ్లనడిగి రాసిపెట్టుకోండి. వీలైతే ఇవ్వకండి.