పగిలిన గిన్నెకు పేరు

పిల్లలూ! టోకియో జాతీయ మ్యూజియంలో లేత ఆకుపచ్చ రంగు చైనా గిన్నె ఒకటి ఉన్నది. 15వ శతాబ్దంలో జపానును ఏలిన అషికాగ యోషిమాస దగ్గర అది బీటలు వారిందట. "ఇలాటిదే మరొకటి కావాలి" అని దాన్ని చైనాకు పంపాడట. అటువంటిది చెయ్యగలవాళ్లు అప్పటికి అక్కడా లేరు. పగులుకు లోహపు కుట్లు వేసి, ఆ గిన్నెనే తిప్పి పంపారు. కుట్లు మిడతలా కనిపించాయి గనక, గిన్నెకు మిడత పేరే పెట్టి దాచుకున్నారు!

లోపమున్న పాతవస్తువులో అందం చూడటాన్ని జపానువారు వాబి-సాబి అంటారు. (సిరా మరక పడిందని నోటుపుస్తకంలో కాగితాలు చింపేసే పిల్లలను బడిలో ఎందరినో చూశాను.)

పగులును దాచకుండా బంగారంతో మెరిపించే పద్ధతి కూడా అక్కడ ఉన్నది. పేరు కిన్‌త్సుగి. ఉరుషి చెట్టు పాలతో ముక్కలు అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. ఈ చెట్టు మన మామిడికీ, జీడిమామిడికీ చుట్టం. పచ్చిపాలు తగిలితే, జీడి తగిలినట్టే ఒళ్లు పొక్కుతుంది. తమాషా ఏమిటంటే, ఈ జిగురు ఎండకు గట్టిపడదు. గాలిలో తేమ కావాలి. అందుకని లోపల తడి చేసిన చెక్కపెట్టెలో గిన్నెను పెట్టి, రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు ఆగుతారు. తొందరపడి ముందే తీశారో, పని మళ్లీ మొదటికి వస్తుంది.