రికార్డు వారిది, పాట మనది

మాది కర్నూలు జిల్లా ఓర్వకల్లు. మా మేనమామ బుర్రకథ చెప్పేవాడు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద తానే ఒక పాట కట్టి, వరుస కూడా తానే కూర్చుకున్నాడు. 1998లో ఒక చిన్న క్యాసెట్ కంపెనీ యజమాని ఆయన్ను పిలిపించి, ఒక్కపూటలో రికార్డు చేసుకొని, 800 రూపాయలు, బస్సు ఛార్జీ చేతిలో పెట్టి కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. క్యాసెట్ తిరునాళ్లలో బాగానే అమ్ముడుపోయింది. లెక్క అడిగితే ‘‘ఖర్చే రాలేదు పెద్దాయనా’’ అన్నాడట! అట్టమీద ‘రచన’ అన్నచోట యజమాని పేరు.

మొన్న మా బామ్మర్ది అదే పాటను కొత్తగా పాడి యూట్యూబులో పెడితే, హక్కులు తమవంటూ ఆ కంపెనీ అడ్డుపడింది. ‘‘సంతకం పెట్టినాం గదా అల్లుడా, ఇంగ మనదేముంటాది?’’ అన్నాడు మామ. ఆ ప్రశ్నే నాచేత చట్టం చదివించింది.

మిత్రులారా, క్యాసెట్లో రెండు ఆస్తులున్నాయి. డబ్బు పెట్టి చేయించిన రికార్డు ఒకటి, అది కంపెనీది. దానిలోని పదాలు, వరుస వేరే ఆస్తి, అవి కట్టినవానివి. నిజాయితీ గల యజమాని మొదటిదానితో తృప్తిపడతాడు. మోసగాడు ఒక్క సంతకంతో రెండూ లాగేస్తాడు.

ఈ విద్య మన దగ్గరే పుట్టిందనుకోకండి. న్యూయార్కులో బర్డ్‌లాండ్ అనే జాజ్ క్లబ్బును, రూలెట్ రికార్డ్స్‌ను నడిపిన మోరిస్ లెవీ ఇందులో ఆరితేరినవాడు. ఫ్రాంకీ లైమన్ బృందం పాడిన 1956 నాటి ‘వై డు ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్’ పాటకు తర్వాతి కాలంలో రచయితల్లో ఒకడుగా లెవీ పేరు చేరింది. ఆ బృందంలోని ఇద్దరు గాయకులు కోర్టుకెక్కితే, 1992లో జ్యూరీ వారే రచయితలని తేల్చింది. కానీ 1996లో పైకోర్టు, దావాకు గడువు దాటిందని ఆ తీర్పును కొట్టివేసింది. నిజం గెలిచినా ఆలస్యం ఓడించింది.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఏమంటుంది? హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. 1994 సవరణ ప్రకారం, ఎంతకాలమో రాయకపోతే ఆ బదిలీ 5 ఏళ్లే చెల్లుతుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. హక్కులన్నీ అమ్ముకున్నా ‘ఇది నా రచన’ అని చెప్పుకొనే హక్కు మాత్రం పోదు. ఇక తరతరాల జానపద గేయమైతే, దానిమీద ఏ కంపెనీ పేరు వేసుకున్నా అది సొంతం కాదు.

పెట్టె అడుగున మామ కాగితం నకలు దొరికింది. ‘సర్వహక్కులు’ అని ఉంది గాని, ఎంతకాలమో లేదు. అంటే ఆ పాట 2003లోనే మా మామ ఇంటికి తిరిగి వచ్చేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు! మా బామ్మర్ది ఆ నకలు జతచేసి అభ్యంతరం పంపాడు. జవాబు కోసం చూస్తున్నాం.

సెలవుల్లో మీ ఊళ్లకు పోయినప్పుడు చెక్కభజన గురువునో, బుర్రకథ తాతనో ఒక్కమాట అడగండి: ‘‘సంతకం పెట్టిన కాగితం ఉందా?’’ ఉంటే చదివి వినిపించండి. మన చదువుకు అంతకన్న మంచి పని నాకు తోచలేదు.