చీటీ కట్టేవారి లెక్క

సంప్రదాయ అర్థశాస్త్రం దృష్టిలో ఒక రూపాయికీ మరో రూపాయికీ తేడా లేదు. అది జీతంగా వచ్చినా, పంట అమ్మితే వచ్చినా, పండుగనాడు పెద్దలు చేతిలో పెట్టినా దాని కొనుగోలు శక్తి ఒక్కటే కనుక, వివేకం గల మనిషి తన సొమ్మునంతా ఒకే రాశిగా చూసి, రాబడి ఎక్కువగానూ ప్రమాదం తక్కువగానూ ఉన్నచోట ఉంచుతాడని ఆ శాస్త్రం భావిస్తుంది. ఈ దృష్టితో చూస్తే తెలుగు కుటుంబాలు తరతరాలుగా చీటీలు కడుతూ ఉండడం అంతుపట్టని విషయమే. నెలనెలా కట్టుకునే రికరింగ్ డిపాజిట్ బ్యాంకులోనూ పోస్టాఫీసులోనూ అందుబాటులో ఉండగా, పాటలో ఎంత మిగులుతుందో ముందుగా తెలియని చీటీలో డబ్బు పెట్టడాన్ని అవగాహన లోపంగా తీసిపారేయడం తేలికే గాని, మనుషులు డబ్బు గురించి వాస్తవంగా ఎలా నిర్ణయించుకుంటారో పరిశీలించే ప్రవర్తనా అర్థశాస్త్రం అందుకు భిన్నమైన వివరణ ఇస్తుంది.

ఉదాహరణకు 20 మంది సభ్యులు 20 నెలల పాటు నెలకు 5,000 రూపాయల చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీని తీసుకుంటే, ప్రతి నెలా జరిగే పాటలో ఎవరు ఎక్కువ సొమ్ము వదులుకోవడానికి సిద్ధపడితే వారికే ఆ నెల చీటీ దక్కుతుంది. ఒక సభ్యుడు 20,000 వదులుకుని 80,000 తీసుకుంటే, ఆ 20,000లో నిర్వాహకుడి కమిషన్ 5,000 పోగా మిగిలిన 15,000ను తలా 750 రూపాయల డివిడెండుగా పంచుతారు. అందరి వాయిదా ఆ మేరకు తగ్గుతుంది. తొలి నెలల్లో పాడుకునేవారికి చీటీ అప్పుగానూ, చివరిదాకా ఆగేవారికి పొదుపుగానూ పనిచేస్తుంది. అప్పు కోసం వచ్చినవారి ఉద్దేశం వివరించనక్కరలేదు. ఆలోచించవలసింది, చివరి చీటీ కోసమే ఓపికగా కట్టేవారి గురించి.

వారి ప్రవర్తనకు మొదటి ఆధారం వర్తమాన పక్షపాతం అనే భావనలో దొరుకుతుంది. ఏడాది తర్వాత వచ్చే 100 రూపాయల కంటే మరొక్కరోజు ఆగితే వచ్చే 110 రూపాయలే మేలని చెప్పే మనిషి, ఇవాళ 100, రేపు 110 అన్నప్పుడు మాత్రం ఇవాళ్టి నూటికే మొగ్గడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఎదురుచూడవలసిన వ్యవధి తక్కువైనప్పుడు మనుషులు కోరే ప్రతిఫలపు రేటు చాలా ఎక్కువగా ఉండి, వ్యవధి పెరిగేకొద్దీ అది తగ్గుతుందని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1981లో చూపించారు. తన ఈ బలహీనతను ఎరిగిన వ్యక్తి, వెంటనే నగదుగా మార్చుకోవడానికి వీలుకాని ఆస్తిలో డబ్బు పెట్టి, రేపటి తొందరపాటుకు ఇవాళే కళ్లెం వేసుకోగలడని మరో ఆర్థికవేత్త డేవిడ్ లైబ్సన్ 1997లో సిద్ధాంతీకరించారు. దీన్నే ముందస్తు కట్టుబాటు అంటారు. బ్యాంకులో ఉన్న డబ్బు తీసినంత తేలికగా చేతి గాజులు అమ్మడానికి మనసొప్పదు కనుక, ఇంటి బంగారం కూడా కొంతవరకు ఈ పనే చేస్తుంది.

పరిశోధకులు నవా అష్రఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ ఫిలిప్పీన్స్‌లోని ఒక గ్రామీణ బ్యాంకుతో కలిసి ఈ సిద్ధాంతాన్ని పరీక్షించి, ఫలితాలను 2006లో ప్రచురించారు. మామూలు ఖాతాకు ఇచ్చే వడ్డీయే ఇస్తూ, ఖాతాదారు స్వయంగా పెట్టుకున్న గడువు లేదా లక్ష్యం చేరేదాకా సొమ్ము తీసుకోవడానికి వీల్లేని ఖాతాను వారు ప్రవేశపెట్టారు. ఇంట్లో ఉంచుకునే హుండీ వంటి పెట్టెను కూడా కోరినవారికి అమ్మారు గాని, దాని తాళం చెవి బ్యాంకులోనే ఉండేది. అదనపు వడ్డీ ఏమీ లేకపోయినా, ఆ ఖాతా గురించి చెప్పినవారిలో 28 శాతం మంది తమ స్వేచ్ఛను తామే తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. వర్తమాన పక్షపాతం కనబరచిన మహిళలు ఈ ఖాతాను మరింతగా ఎంచుకోవడం గమనార్హం. ఏడాది గడిచేసరికి, ఈ అవకాశం పొందిన బృందం పొదుపు నిల్వలు, పొందని బృందంతో పోలిస్తే 81 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగాయి.

అయితే తాళం ఎంత గట్టిదైతే అంత మంచిదన్న నిర్ణయానికి రాకూడదని కెన్యాలో పాస్కలీన్ డ్యూపా, జొనాథన్ రాబిన్సన్ జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం తెలియజేస్తుంది. అక్కడ మన చీటీలను పోలిన పొదుపు బృందాల సభ్యులకు ఆరోగ్య ఖర్చుల కోసమని పెట్టెలు ఇచ్చినప్పుడు, తాళం చెవి సొంత చేతిలోనే ఉన్న పెట్టె కూడా పొదుపును పెంచింది. ఫలానా పనికని పేరు పెట్టి పక్కన ఉంచిన డబ్బును ఇతర ఖర్చులకు తీయడానికి మనసు జంకడమే అందుకు కారణం. మనసులోనే ఇలా డబ్బును పద్దులుగా విడగొట్టుకోవడాన్ని థేలర్ మానసిక ఖాతాలు అన్నారు. చెవి వేరొకరి దగ్గర ఉన్న పెట్టె అంతగా ఉపయోగపడలేదు. ఇంట్లో ఎవరికైనా అకస్మాత్తుగా జబ్బు చేస్తే అందులోని సొమ్ము అక్కరకు రాదన్న బెరుకు దానికి అడ్డువచ్చింది.

చీటీలోని విశిష్టత ఇక్కడే బయటపడుతుంది. రికరింగ్ డిపాజిట్‌ను గడువుకు ముందే కొద్దిపాటి వడ్డీ నష్టంతో మూసివేయవచ్చు కనుక దాని కట్టడి బలహీనమైనది. కెన్యాలో చెవి లేకుండా ఇచ్చిన పెట్టె కట్టడి మితిమీరినది. చీటీ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే సభ్యుడు పాటకు వెళ్లి సొమ్ము తీసుకోగలడు, కాని అందుకు కొన్ని వేల రూపాయలు అందరి ఎదుట వదులుకోవాలి; ఆ వెల, నిజమైన అవసరానికి చెల్లించదగినదిగానూ, టీవీ మార్చాలన్న కోరికకు చెల్లించదగనిదిగానూ ఉంటుంది. ఏ ఆర్థికవేత్త సలహా లేకుండానే సామాన్యులు రూపొందించుకున్న ఈ ఏర్పాటు, పొదుపు పథకాలు తయారుచేసేవారు శ్రద్ధగా అధ్యయనం చేయదగినది.

డబ్బును పద్దులుగా విడగొట్టడంలో నష్టమూ ఉంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, అప్పు తెచ్చి మరీ చీటీ వాయిదా కట్టే కుటుంబం అంకెల్లో నష్టపోతున్న మాట నిజమే. కాని చీటీ మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టలేమని, అప్పిచ్చినవాడైతే వదలకుండా వసూలు చేసుకుంటాడని వారికి అనుభవపూర్వకంగా తెలుసు కనుక, ఆ నిర్ణయాన్ని కేవలం అజ్ఞానం అనడం సరికాదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం నిర్వాహకుడి వైపు నుంచి వస్తుంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీని రిజిస్టర్ చేయించాలి. నిర్వాహకుడు చీటీ మొత్తానికి తగ్గని హామీని ముందుగానే చూపాలి. అతడి కమిషన్‌కు పరిమితి ఉంది, దాన్ని 2019 సవరణ 5 శాతం నుంచి 7 శాతానికి పెంచింది. నమ్మకం మీద వీధిలో నడిచే చీటీకి ఈ రక్షణ ఏదీ ఉండదు. అందుచేత సభ్యులు వెతుకుతున్న కట్టడిని, అంటే సొంతంగా పెట్టుకున్న గడువునూ, ముందే తీస్తే చెల్లించవలసిన నిజమైన వెలనూ, ప్రభుత్వ పర్యవేక్షణ గల బ్యాంకులు, పోస్టాఫీసులే ఖాతాదారులకు ఇవ్వగలిగితే, పొదుపు కోసమే చీటీ కట్టేవారు వీధి చీటీల మీద ఆధారపడవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.