భూమి రెండు ముక్కలవుతుందా?

2024 డిసెంబర్ 4వ తేదీ ఉదయం ఏడున్నర వేళ ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3గా నమోదైన ఆ కుదుపు హైదరాబాదు దాకా తెలిసింది. తర్వాత కొద్దిరోజులకు నేను మన హాస్టల్‌కు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మన కింద అంతా నిప్పేనంట కదా! భూమి రెండు ముక్కలైతదా?" అని అడిగాడు. మిగతా పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నలో కొంత నిజం ఉంది. అతనికి నేనిచ్చిన జవాబే ఈ వ్యాసం.

భూగర్భంలో వేడి ఎంత?

లోతుకు దిగేకొద్దీ భూమిలో వేడి పెరుగుతుంది. బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా పనిచేసి దిగిపోయిన మా తాతకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, ఒంటి చెమటే చెప్పింది. సాధారణంగా కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఈ వేడిలో కొంత భూమి పుట్టినప్పటిది, ఇంకా చల్లారలేదు. మిగతాది రాళ్ళలోని యురేనియం, థోరియం, పొటాషియం వంటి రేడియోధార్మిక పదార్థాల నుంచి పుడుతున్నది.

శాస్త్రజ్ఞులు బోరుబావిలోకి థర్మామీటరు దింపి, లోతుకు వేడి ఎంత పెరుగుతున్నదో చూస్తారు. ఆ రాయి వేడిని ఎంత బాగా పారనిస్తుందో ప్రయోగశాలలో కొలుస్తారు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే 'ఉష్ణప్రవాహం'. ఖండాల మీద ఇది చదరపు మీటరుకు సగటున 65 మిల్లీవాట్ల దగ్గర ఉంటుంది. అంటే పది గుంటల చేను అడుగు నుంచి వచ్చే వేడంతా కలిపితే ఒక్క 60 వాట్ల బల్బుకు సరి! అందుకే మన కాళ్ళు కాలవు. కానీ భూగోళం మొత్తం మీద లెక్కిస్తే అది సుమారు 47 లక్షల కోట్ల వాట్లు, అంటే 47 తర్వాత పన్నెండు సున్నాలు పెట్టినన్ని వాట్లు. ఖండాలను కదిలించే శక్తి ఈ వేడిదే.

ఖండం ఎలా సాగుతుంది?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన భూభౌతిక శాస్త్రవేత్త డాన్ మెకెంజీ 1978లో దీనికొక తేలికైన లెక్క చెప్పాడు. ఖండం కింద వంద కిలోమీటర్లకు పైగా మందమున్న గట్టి పలక ఉంటుంది. దాని అడుగున వేడి సుమారు 1300 డిగ్రీలు. రొట్టెపిండిని రెండు చేతులతో లాగితే నడుమ పలచబడినట్లే, ఈ పలకను రెండింతలు సాగదీస్తే దాని మందం సగమవుతుంది. అడుగు పలచని గిన్నె త్వరగా కాగుతుంది కదా! అలాగే 1300 డిగ్రీల వేడి సగం దూరంలోకి వచ్చేసరికి పైకి వచ్చే ఉష్ణప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది.

పలచబడిన చోట నేల పగుళ్ళ వెంట ముందు ఒక్కసారి కుంగుతుంది. తర్వాత కోట్ల సంవత్సరాల పాటు మెల్లగా చల్లారుతూ, కుంచించుకుపోయి బరువెక్కుతూ, ఇంకా కుంగుతుంది. ఉత్తర సముద్రంలో చమురు కోసం వేసిన బావుల వివరాలు ఈ రెండు మెట్ల కుంగుబాటుకు సాక్ష్యమిచ్చాయి.

ఇప్పుడు చీలుతున్న చోటు ఏది?

తూర్పు ఆఫ్రికా. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో 2005 సెప్టెంబరులో కొద్ది వారాల్లోనే సుమారు 60 కిలోమీటర్ల పొడవున భూమి విడిపోయింది. కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా ఎడమైంది. మామూలుగా ఆ చీలిక సాగేది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే. పక్కనున్న కెన్యా ఆ చీలికలోని ఆవిరితో కరెంటు తీస్తున్నది. అక్కడి ఓల్కారియాలో మొదటి యూనిట్ 1981లోనే మొదలైంది.

మరి మన గోదావరి?

మా తాత ఒకసారి అడిగాడు: "బొగ్గు గోదారి పొడుగునే ఎందుకున్నది బిడ్డా? కరీంనగర్ గుట్టల్లో ఎందుకు లేదు?" డిగ్రీ మూడేళ్ళూ చదివినా అప్పుడు నేను చెప్పలేకపోయాను. ఎం.ఎస్సీ.లో చేరాకే జవాబు దొరికింది. ఇరవై ఐదు కోట్ల సంవత్సరాలకు పూర్వం, మన నేల గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడు, ప్రాణహిత - గోదావరి లోయ ఇలాగే సాగి కుంగింది. కుంగిన పల్లంలో చిత్తడి అడవులు పెరిగి, ఇసుక కింద పూడిపోయి బొగ్గయ్యాయి. కరీంనగర్ గ్రానైటు కుంగలేదు, అందుకే అక్కడ బొగ్గు లేదు. మా తాత తట్టకెత్తినది ఒక ఖండం చీలబోయి ఆగిపోయిన గుర్తన్నమాట!

ఆ నాటి వేడి ఎప్పుడో చల్లారింది. మణుగూరు దగ్గర పగిడేరులో ఉబికే వేడినీళ్ళు లోతుకు దిగి, కాగి, తిరిగి పైకి వచ్చినవే. అయితే పాత పగుళ్ళు మాత్రం మిగిలాయి. భారత పలక ఉత్తరానికి నెట్టుకుపోతున్నందువల్ల కలిగే ఒత్తిడికి అవి అప్పుడప్పుడు కదులుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం కూడా ఈ లోయలోనిదే.

కాబట్టి తమ్ముడూ, మన భూమి ఇప్పుడు రెండు ముక్కలు కాదు. కుదుపు వస్తే మాత్రం తోసుకుంటూ మెట్ల మీదికి పరుగెత్తకు, బల్ల కింద తల దాచుకో. ఆగాక బయటికి నడువు. ఇక నిన్ను చూసి నవ్విన వాళ్ళ సంగతి వదిలెయ్. మా తాత చదువుకోలేదు. అయినా ఆయన ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. నీ ప్రశ్నను కూడా అలాగే విడిచిపెట్టకు.

- పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జియాలజీ)