సన్నీ సారును చూసినావా?

నేను కువైట్ వచ్చిన కొత్తలో రాజంపేట నుంచి నాయన ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో ఒక మాట అడిగేవాడు. "సన్నీ సారును చూసినావా?" "ఈ శుక్రవారం పోయొస్తాలే నాయనా" అనేవాణ్ణి. మంగఫ్ నుంచి ఖాద్సియా అరగంట దారి. అయిదేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా కుదరలేదు.

సన్నీ సారంటే మాథున్నీ మాథ్యూస్. ఇక్కడి పాతకాపులకు 'టయోటా సన్నీ'. కేరళలోని కుంబనాడ్ నుంచి 1956లో ఇరవయ్యేళ్ళ కుర్రాడిగా వచ్చారు. టయోటా కార్లు అమ్మే అల్ సాయర్ సంస్థలో టైపిస్టుగా చేరి, మేనేజింగ్ డైరెక్టర్ దాకా ఎదిగి, 1989లో ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. ఇక కాలు మీద కాలేసుకుని కూర్చోవలసిన మనిషి. మరుసటి ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది.

అప్పుడు నాయన సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఇంటివాళ్ళు ముందే సెలవులకు దేశం దాటారు, నాయన పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండిపోయింది. జీతం లేదు, కుబ్బూస్‌కు కూడా క్యూ. మన ఎంబసీ బస్రాకు తరలిపోయింది. రాజంపేటలో నేను అయిదో తరగతి. అమ్మ రోజూ పోస్టాఫీసు దాకా పోయి వట్టి చేతులతో వచ్చేది.

మాథ్యూస్, హర్భజన్ సింగ్ వేదీ, మరికొందరు పెద్దలు కమిటీగా నిలబడ్డారు. తలదాచుకునే చోటు, తిండి, పేర్ల జాబితాలు, బస్సులు... అన్నీ వాళ్ళే చూసుకున్నారు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి. అక్కణ్ణుంచి బొంబాయికి ఎయిరిండియా రెండు నెలల్లో 488 సార్లు ఎగిరింది. లక్షా డెబ్భై వేల మంది ఇల్లు చేరారు. నాయనకు ఈ అంకెలేవీ పట్టవు. జాబితా రాసే మనిషి తన పేరు తప్పు రాస్తే, కొట్టేసి మళ్ళీ రాశాడట. అదే గుర్తు. అది సన్నీ సారా, ఆయన మనిషా అంటే చెప్పలేడు.

2016లో 'ఎయిర్‌లిఫ్ట్' సినిమా వచ్చింది. అందులో అక్షయ్ కుమార్ పాత్రకు మూలం ఈ మాథ్యూస్, వేదీలే. అంతా ఒక్కడే చేసినట్టు చూపించారు, అది నాకు నచ్చలేదు. నాయన సగంలోనే టీవీ ఆపేశాడు.

యుద్ధం అయ్యాక కూడా మాథ్యూస్ ఇక్కడే ఉన్నారు. జాబ్రియా ఇండియన్ స్కూల్‌ను నడిపారు. 2017 మేలో ఖాద్సియాలోని ఇంట్లోనే, 81 ఏళ్ళ వయసులో పోయారు. ఆ కబురు చెబితే నాయన చాలాసేపు మాట్లాడలేదు. "పోలేదు కదా నువ్వు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

2024 జూన్ 12 తెల్లవారుజామున మా మంగఫ్‌లో కార్మికుల భవనం తగలబడింది. 40 మందికి పైగా మన దేశస్థులు పోయారు, వారిలో ముగ్గురు ఆంధ్రవాళ్ళు. ఊరి నుంచి మొదట ఫోన్ చేసింది నాయనే. నేను క్షేమమని విన్నాక అడిగాడు, "పేర్లు ఎవరు రాస్తాండారు?" ఎంబసీ వాళ్ళు హెల్ప్‌లైన్ పెట్టారు నాయనా అన్నాను.

"అయినా నువ్వు పో" అన్నాడు.

ఈసారి పోయాను.